బండల కింద ఇంకుడు గుంత

తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఇరవై గదుల లాడ్జి ఒకదాంట్లో నేను మేనేజరుగా ఉన్న రోజులవి. యజమాని చిత్తూరు పక్క పల్లెలో మామిడితోటలున్న ఆసామి. నీళ్ల గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం.

ప్రతి లాడ్జీ ముందర వాననీళ్లు ఇంకే గుంత తవ్వాలని ఆ ఏడు మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. చదివి వినిపించినాను. ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటా విన్నాడు.

"మన ముందర ఉండేదే మూడు కార్లు పట్టే జాగా. దాన్ని తవ్వితే వచ్చినోళ్లు కారు యాడ పెట్టాల? నీ నెత్తినా?"

"ఓ పక్కగా తవ్వుదామన్నా. మిద్దె మీది వానంతా రోడ్డు పాలవతాండాది."

"పోనీలేప్పా. రోడ్డేమన్నా నీదా?"

లైసెన్సు రెన్యువల్ ఆపుతారని పక్క లాడ్జి ఆయన బెదిరించినాక తవ్వించినాడు. కూలీలు రెండు రోజులు తవ్వి, అడుగున గుండ్రాళ్లు, ఆపైన కంకర, ఇసుక పోసినారు. మిద్దె మీది నుంచి గుంతలోకి పైపు దగ్గరుండి పెట్టించింది నేనే. ఎంత సంతోషపడినానో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తాది.

గుంత చూసేదానికి మున్సిపల్ అధికారి వచ్చినాడు. గుంతలోకి తొంగి కూడా చూడలేదు. మా యజమాని చేతికి కొత్త పార ఇప్పించి, పక్కన తాను నిలబడి ఫోటో తీయించుకున్నాడు. ఆ పార పట్టిన తీరు చూసి, గదులు ఊడ్చే పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. కాఫీ తాగి, "చాలా ఆదర్శంగా ఉందండీ" అని అధికారి కారెక్కినాడు.

మరుసటి వారమే మేస్త్రి దిగినాడు. పైపును మళ్లీ రోడ్డు వైపుకు తిప్పి, గుంత మీద సిమెంటు పోసి ఎర్ర బండలు పరిచినాడు.

"అన్నా, ఒక్క వానన్నా పడలేదే," అన్నాను.

"వాళ్లకు కావాల్సింది ఫోటో. ఇచ్చినాం గదప్పా."

ఎండాకాలం వచ్చేసరికి బోరు ఎండిపోయింది. కొండ మీద గుండు కొట్టించుకుని, గంధం పూసుకుని వచ్చినోళ్లు కొళాయి తిప్పితే చుక్క రాలేదు. "ఒక్కొక్కడు నాలుగు బకెట్లు పోసుకుంటే నీళ్లెట్లుంటాయి?" అని యజమాని వాళ్లనే తిట్టినాడు. ట్యాంకరు నీళ్లను బిందెలతో మూడో అంతస్తుకు మోసింది పెద్దామె.

"నీళ్లు పొయ్యే దావ మూసేసి, నీళ్లు లేవంటే ఎట్లప్పా?" అని నన్నడిగింది. ఆయన్ను అడగమన్నాను. అంతకంటే పిరికి మాట నేనింకోటి అనలేదు.

ఆయన బోరును ఇంకా లోతుకు దింపించినాడు. నీళ్లు పడినాయి. టెంకాయ కొట్టి, "సామి మన పక్కనే ఉండాడు" అన్నాడు. ఆ నెలలోనే పక్క లాడ్జి బోరు ఎండిపోయింది. అదీ సామి దయే అన్నాడు.

మోకాళ్లు పట్టేసి పెద్దామె పని మానేసింది. నేను మానలేదు. ఇంకా రెండేండ్లు ఆ కుర్చీలోనే కూర్చుని, వచ్చిన ప్రతి యాత్రికుడికీ "నీళ్లు పొదుపుగా వాడండి సార్" అని చెప్తానే ఉన్నాను.