నాకు వినపడని ‘టింగ్’

బెంగళూరు పక్కన జిగణిలో ఇనుప రేకుల్ని ప్రెస్సుల్లో నొక్కి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. వారమంతా ఆ మోతలో అరుస్తూ మాట్లాడి, ఆదివారానికి ఎవరితోనూ నోరు విప్పబుద్ధి కాదు. అందుకే కాబోలు, కంప్యూటర్లో సబ్‌మెరైన్ ఆట అలవాటైంది. అందులో బతకాలంటే చప్పుడు చేయకూడదు. ఇంజన్ తగ్గించి, లోతుకు దిగి, పైన తిరిగే యుద్ధనౌక ప్రొపెల్లర్ శబ్దాన్ని, నీళ్లలో చప్పుళ్లు పట్టే సోనార్‌లో వింటూ మెల్లగా జారుకోవాలి. పైవాళ్లూ మనకోసం వెతుకుతుంటారు. వాళ్ల సోనార్ వదిలే శబ్దం మన పడవకు తగిలి ‘టింగ్’మందంటే జాడ దొరికినట్టే. వెంటనే దారి మార్చాలి.

కొన్నాళ్లుగా ప్రతిసారీ దొరికిపోతున్నాను. ఏ హెచ్చరికా లేకుండా నెత్తిన బాంబులు పడేవి. ఆటలోనే ఏదో పాడైందనుకున్నాను. హెడ్‌ఫోన్స్ మార్చినా లాభం లేకపోయింది. విసిగిపోయి ఒక ఆదివారం మధ్యాహ్నం స్పీకర్లు తగిలించాను. పక్కనే మా ఆవిడ అవరెకాయలు, అంటే మన అనపకాయలు, ఒలుస్తోంది. ఆమె పుట్టి పెరిగింది బెంగళూరులోనే.

“ఏందప్పా అది, టింగు టింగుమంటా ఉండాది?” అంది.

“ఏది?”

“అదే, గ్లాసు మీద స్పూనుతో కొట్టినట్ల. ఇంత గట్టిగా వస్తాంటే వినపడలేదా నీకు?”

నాకు ప్రొపెల్లర్ దడదడ తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. ఆమె ఒలవడం ఆపి నా మొహంలోకి చూసింది.

“ఇదో, ఇప్పుడు?”

“లేదు.”

“ఇప్పుడు?”

తల అడ్డంగా ఊపాను. ఈలోగా బాంబులు పడి పడవ మునిగిపోయింది. ఇద్దరం అటు చూడనే లేదు.

చెవుల డాక్టరు నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంది. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. పరీక్ష ఇంకా మొదలవలేదనుకున్నాను. బయటికొచ్చాక, సన్నటి కీచు శబ్దాలు ఇక నాకు వినపడవనీ, పోయిన వినికిడి తిరిగి రాదనీ చెప్పింది.

“మెషీన్ల దగ్గర పనా?” అని అడిగింది.

అవునన్నాను. ఆశ్చర్యమూ కలగలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది.

బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత నాకు వినపడేలా దగ్గరికి జరిగి అంది: “వంటింట్లోంచి పిలిస్తే పలకవు గదా. నా మీద కోపం చేసుకుండావు అనుకుంటి, ఇన్ని దినాలూ.”

“కోపమెందుకు? అలసటతో పరధ్యానంగా ఉంటున్నాననుకున్నా నేను.”

ఆమె నా చేయి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు.

అడగ్గా అడగ్గా నన్ను ఫ్యాక్టరీలోనే మోత లేని స్టోర్స్‌కి మార్చారు. చెవికి మెషీన్ వచ్చింది. అది పెట్టుకుంటే సాయంత్రానికి తల దిమ్మెక్కుతుంది, ఆదివారాలు తీసి పక్కన పెడతాను. ఇప్పుడు ఆటలో సోనార్ వినేది మా ఆవిడే. “వచ్చె, వచ్చె, తిప్పప్పా!” అని భుజం తడుతుంది. నేను పడవ తిప్పుతాను. కొన్నిసార్లు తప్పించుకుంటాం కూడా. కొన్నిసార్లు ఆమె కుర్చీలోనే కునుకు తీస్తుంది. అప్పుడు ఆమెను లేపను, పడవ మునిగితే మునగనిస్తాను.