రూపాయి గుర్తు, పన్నెండు డబ్బాలు

ఒక బస్సెడు భక్తుల్ని ఖాళీ కడుపుతో శ్రీశైలం కొండెక్కించిన పాపం నా నెత్తిన ఉంది. శివుడు క్షమించాడో లేదో తెలియదు, మా బాబాయి మాత్రం ఇంకా క్షమించలేదు. వినండి, నవ్వండి, కానీ నన్ను హోటల్‌కి మాత్రం పిలవకండి.

బాబాయి నాలుగు బర్రెల్ని అమ్మి, పెద్దదోర్నాల రోడ్డు పక్కన టిఫిన్ హోటల్ పెట్టాడు. ధరల బోర్డు పని నాకు అప్పగించాడు. మా వంశంలో గ్రంథాలయం గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

"రూ. అని రాస్తే చాల్లేరా," అన్నాడు.

"అది పాతకాలం బాబాయ్. ఇప్పుడు రూపాయికి గుర్తుంది. కంప్యూటర్లో దానికో నంబరు కూడా ఉంది, 20B9!"

ఆ నంబరు కొట్టి, ఆల్ట్‌తో ఎక్స్ నొక్కితే గుర్తు ప్రత్యక్షమవుతుందని పుస్తకంలో చదివాను. నెట్ సెంటర్‌లో నొక్కితే నిజంగానే అయింది. ఆ క్షణంలో నా గర్వం చూస్తే టంకశాల అధికారి సైతం లేచి నిలబడేవాడు. చదువు కొంచెం, కూత ఘనం!

పెన్ డ్రైవ్ పట్టుకుని మార్కాపురంలో ఫ్లెక్సులు కొట్టే ఖాసిం దగ్గరికి వెళ్ళాను. అతను ఫైలు తెరిచి ముఖం చిట్లించాడు.

"ఏందన్నా ఇది? ప్రతి ధర ముందర ఖాళీ డబ్బా వచ్చినాది."

"డబ్బా కాదు. లోపల నంబరు భద్రంగా ఉంది. నీ ఫాంటులో ఆ బొమ్మ లేదు, అంతే."

"బొమ్మ లేకుంటే అచ్చులోకి యాడ నుంచి వస్తాది? రూ. అని కొట్టేస్తా."

"ముట్టుకోవద్దు! అంత పెద్ద మిషనుకి ఆ మాత్రం తెలియదా?"

ఖాసిం మిషన్ని చూసి, నన్ను చూసి నిట్టూర్చాడు. "దానికి రంగులే తెల్సన్నా. పుస్తకాలు సదవలా."

తెల్లారి హోటల్ ముందు ఫ్లెక్సు కట్టాం. ఇడ్లీ □ 30. వడ □ 40. పన్నెండు రకాలు, పన్నెండు డబ్బాలు.

"ఏందిరా ఈ కిటికీలు?" అన్నాడు బాబాయి. అంతలో కోస్తా నుంచి వచ్చిన యాత్రికుల బస్సు ఆగింది.

ముందు దిగిన పెద్దాయన బోర్డు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి, ఇడ్లీ డబ్బాలో టిక్కు పెట్టాడు. "ఏం పద్ధతండీ! నోరు తెరిచే పనే లేదు," అని మెచ్చుకుని వెళ్ళి కూర్చున్నాడు.

అంతే! పెన్ను చేతులు మారింది.

"అత్తయ్యా, నీకు దోసె పెట్టానే!"

"నాకు గారెలు కావాలి, దోసె కొట్టెయ్!"

"మేం నలుగురం. ఒక్క డబ్బాలో ఎలా పడతామండీ?"

పెన్ను అందని ఒకావిడ కుంకుమ బొట్లు పెట్టింది. ఉప్మాకి మాత్రం ఒక్క ఓటూ పడలేదు.

టిక్కులు పెట్టినవాళ్ళంతా బుద్ధిగా కూర్చుని టిఫిన్ కోసం చూశారు. బోర్డు దగ్గర జరిగింది చూడకుండా లోపల నీళ్ళ గ్లాసులు సర్దుకొచ్చిన బాబాయి, వాళ్ళు అడుగుతారని చూశాడు.

"ఏం తింటారో ఒక్కరూ చెప్పరేందిరా? మౌనవ్రతమా?"

టిక్కుల సంగతి చెబితే డబ్బాల తప్పు నా మీదకే వస్తుంది. "అయ్యుండొచ్చు బాబాయ్. శ్రీశైలం పోయేవాళ్ళు కదా," అన్నాను.

"అట్లయితే కదిలించగాకు. పాపం తగుల్తాది."

పావుగంట గడిచింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. పెద్దాయన లేచి, "మొట్టమొదటి టిక్కు నాదండీ! నాకే దిక్కులేదు!" అని బస్సెక్కాడు. వెనకే అందరూ ఎక్కారు.

వంటింట్లోంచి పిన్ని పొగలు కక్కే ఇడ్లీ పళ్ళెంతో వచ్చి, "బస్సేదీ?" అంది. మాకు నిజంగానే మౌనవ్రతం పట్టింది. సంగతి తెలిశాక ఆమె తన కూతురి పలక లాక్కుని, 'ఇడ్లీ ముప్పై రూపాయలు' అని బలపంతో రాసి గుమ్మానికి తగిలించింది. రెండో బస్సు గిన్నెలు ఊడ్చేసింది.

మధ్యాహ్నం ఎదురు హోటల్ ఆయన మెల్లగా వచ్చాడు. "అబ్బోడా, పొద్దున జనం మీ బోర్డు మీద ఎగబడినారే! మాకూ ఆ డబ్బాలు ఏసిస్తావా?"

మొదటి బస్సు పోయినప్పటి నుంచి నాతో మాట్లాడని బాబాయి మొహం వెలిగిపోయింది. "పోరా నాయనా, పో! నీ చదువంతా ఆయనకి ధారపోసి రా. డబ్బాలు మాత్రం పెద్దయి పెట్టు!"

మల్లన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: తెర మీద కనిపించని రూపాయి గోడ మీద కనిపిస్తుందని ఈ జన్మలో ఎవరితోనూ వాదించను.