తరుగు తీసి చెప్పిన నొప్పి

పోయినవి ముందు రాస్తాను. కుడిచేతి వేళ్లలో రెండు చివరి కీళ్లు, ఇక వంగవు. గోళ్లు నాలుగు. ఎడమకాలి రెండో వేలు ఉబ్బి చెప్పులో పట్టదు, అయినా ఉంది కనుక సగం కింద వేశాను. మందు పెంచకుండా గడిచిన నెలలు తొమ్మిది.

మోచేతుల మీద సోరియాసిస్ పొలుసులు ఏనాటివో. అది కీళ్లలోకి దిగాక మూడు నెలలకోసారి అరకులో రైలెక్కి విశాఖ వెళ్లి డాక్టరమ్మకు చూపించుకునేవాణ్ణి. ఆవిడ అరవై ఎనిమిది కీళ్లు నొక్కి నొప్పి ఉన్నవి లెక్కపెట్టేవారు. వాపు మాత్రం అరవై ఆరింటికే చూసేవారు, తుంటి కీళ్ల వాపు చేతికి తెలియదట. తర్వాత నన్ను రెండు అంకెలు అడిగేవారు. పదికి నొప్పి ఎంత, పదికి జబ్బు మొత్తంగా ఎంత బాధపెడుతోంది. వాటికి రక్తపరీక్ష అంకె కలిపితే జబ్బు జోరు తెలుస్తుంది. పద్నాలుగు దాటితే నాకు మందు పెంచాలన్నారు. మూడుసార్లూ దాటలేదు.

నాలుగోసారి నా భార్య వెంట వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక అంచు కొరుక్కుపోయినట్టుంది. నొప్పున్న కీళ్లు ఐదు, వాపున్నవి మూడు, రక్తానిది ఒకటి. నేను మూడు, రెండు అన్నాను. సరిగ్గా పద్నాలుగు.

"మూడేటి? పొద్దుట సొక్కా బొత్తాలు నానే పెడతన్నాను. ఈయన మాట రాయకండి, డాక్టరమ్మా," అంది నా భార్య.

"ఊరుకో. లెక్క వేసే చెప్పాను."

"ఏం లెక్క వేశారు?" డాక్టరమ్మ కలం ఆపారు.

చెప్పాను. కాఫీ పళ్ల కాటా దగ్గర ఇరవై ఏళ్లుగా తూకం చూస్తున్నాను. తడి పళ్లకు తరుగు తీయాలి. మాట పడకూడదని మా కొండ రైతులు తామే ముందు తరుగు తీసి చెప్తారు. నొప్పినీ అలాగే చెప్పాను. ఆ రోజు అసలు ఏడు. కొండదారి నడకకు ఒకటి, చలికి ఒకటి, వయసుకు రెండు తీసేశాను. రెండో అంకె ఆరు, అందులోనూ నాలుగు తీశాను.

"పక్కోళ్ల బస్తాకి అరకిలో తియ్యడానికే సెయ్యాడదు. ఒంటికి నాలుగు తీసేసినారు," అంది నా భార్య.

డాక్టరమ్మ నవ్వలేదు. "దీనికి తరుగు లేదండీ. మోసినదంతా చెప్పాలి."

మళ్లీ కలిపితే ఇరవై రెండు. ఆ రోజే సూదిమందు మొదలుపెట్టారు. వాపు తగ్గింది. వంగని కీళ్లు అలాగే ఉన్నాయి.

పాత మూడు కాగితాల మీద నా అంకెలు కొట్టేసి, అసలువి చెప్పమన్నారు. కాటా దగ్గరైతే తూకం ఒక గడిలో, తరుగు ఒక గడిలో రాస్తాను. ఒంటికి అలా రాసుకోలేదు. చలికి ఎక్కువ తీశాను, ఎండలకు తక్కువ, ఎంతన్నది గుర్తులేదు. వెళ్లినప్పుడల్లా ఆవిడ అడుగుతారు. ఊహించి చెప్పడం నాకు చేతకాదు. కాగితానికి రెండు చొప్పున ఆరు అంకెలు ఈనాటికీ బాకీ ఉన్నాను.