ప్రభుదాస్ సార్ ఎంచిన మానిటర్

నిన్న మా ఆఫీసులో కొత్త మానిటర్ పెట్టె విప్పుతుంటే థర్మోకోల్ అట్టకు రాసుకుని కీచుమంది. ఆ చప్పుడుకు అందరికీ పళ్లు జివ్వుమంటాయి. నాకు మాత్రం ప్రభుదాస్ సార్ గుర్తొస్తారు, ఆ పూటంతా మనసు బాగుండదు. హిందూపురంలో ఆయనకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. డిగ్రీ అయ్యాక పనిలేక తిరుగుతున్న నన్ను చేరదీసి, స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పారు. నోరు మాత్రం మంచిది కాదు. ఆయన తిట్టలేదంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదని అర్థం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ధర్మవరంలో ఉండే నా స్నేహితుడు వెంకటేశు తనకొక కంప్యూటర్ కట్టివ్వమన్నాడు. పెనుకొండ కాలేజీలో మాది ఒకే బెంచీ. గ్రాఫు కాగితం మీద గడులు నింపి పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. ఆ గడులు అలుక్కుపోతున్నాయని కొన్నాళ్లుగా చెబుతున్నాడు. కంటి నరం దెబ్బతింది, ఇక బాగుపడదన్న డాక్టరు మాట వాడు నమ్మలేదు. కంప్యూటర్లో గడిని పెద్దది చేసుకోవచ్చు కదా, ఇక నా పనికి ఢోకా లేదన్నాడు. తల్లి, చెల్లెలు ఆ గీత మీదే బతుకుతున్నారు.

విడిభాగాలు ఎంచడానికి సార్, నేను రైలెక్కి బెంగళూరు వెళ్లాం. స్నేహితుడికి నా చేత్తో కట్టే మొదటి కంప్యూటర్ కదా, అన్నీ గొప్పవే కావాలని నా ఆరాటం.

"సార్, ప్రాసెసర్ కొత్తది తీసుకుందాం."

"కొత్తది తీసుకుంటే వాని కండ్లు కొత్తవైతాయేమప్పా? ముందు మానిటర్ చూడు!"

స్పీకర్లు తీసేయించారు. మిగిలినవన్నీ పని జరిగేంత చాలన్నారు. మానిటర్ దగ్గర మాత్రం అంగడివాళ్ల ప్రాణాలు తోడేశారు. ఒక్కొక్కటీ వెలిగించమని, ఎదురుగా కూర్చుని, కళ్లు సగం మూసి చూసేవారు. "ఇది అదురుతాండాది, వద్దు. ఇంగొకటి పెట్టు." చివరికి అక్కడున్నవాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకున్నాం. ధర్మవరం బస్సులో కుదుపు కుదుపుకూ లోపలి థర్మోకోల్ కీచుమంటుంటే, ఆ పెట్టెను ఆయన చంటిపిల్లలా ఒళ్లోనే పెట్టుకున్నారు. పెనుకొండలో ఎక్కినాయన "టీవీనా సార్?" అని అడిగి బాగా తిట్లు తిన్నాడు.

వెంకటేశు ఇంట్లో అన్నీ బిగించి, నేను కరెంటు ఇచ్చాను. వాళ్లమ్మ టెంకాయ కొట్టింది. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా చేసినట్టే, తెర అద్దానికి సరిగ్గా నడిమధ్యన పసుపు పూసి, రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు పెట్టింది. వెంకటేశు కూర్చుని, గడులు పెద్దవి చేసుకుని, ఒక్కొక్కటే నింపసాగాడు. మౌసు బాణం బొట్టు వెనక్కి పోయి వస్తోంది. తుడుద్దామని నేను చెయ్యి చాచాను. సార్ నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"వెంకటేశూ, తెర మీద ఏమన్నా అడ్డముండాదా?"

"ఏమీ లేదు సార్. తేటగా ఉండాది. ఇన్నాళ్లకు కండ్లకు సుఖంగా ఉండాది."

వెనక నిలబడ్డ వాళ్లమ్మ కుంకుమ వేళ్లను నోటికి అడ్డం పెట్టుకుంది. తెర నడిమధ్యనున్న అంత బొట్టూ వాడికి కనబడటం లేదు. సార్ ఇంకో కుర్చీ లాగి, చెల్లెలు సుజాతను పిలిచారు.

"నువ్వీడ కూచో తల్లీ. మీ అన్న చెప్తాంటే నువ్వు గియ్యి."

"నాకు కదా సార్ కంప్యూటర్?" అన్నాడు వెంకటేశు.

"నీకేనప్పా. గడులు నింపేదానికి నువ్వెందుకు? నువ్వు చీర ఆలోచించు."

ఆయన ఎవరితోనైనా అంత మెత్తగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. ఆ తర్వాత ఆదివారాలు చర్చి అయ్యాక ధర్మవరం వెళ్లి సుజాతకు పని నేర్పారు. తిరుగు బస్సులో ఒకసారి "ఇంగా పెద్ద మానిటర్ దొరికింటే..." అని ఆగిపోయారు. ఇంకా పెద్దదైనా చాలదని మా ఇద్దరికీ తెలుసు.

వెంకటేశుకు చూపు మొత్తం పోయింది. కొన్నేళ్లు రంగులు, పూలు నోటితో చెప్పి గీయించాడు. తర్వాత తర్వాత "నీకు తోచింది వెయ్యి పాపా" అనడం మొదలుపెట్టాడు. సార్ కూడా పోయారు. నేను ధర్మవరం వెళ్లినప్పుడల్లా వెంకటేశు నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అంటాడు: "ఆ పొద్దు తెర ఎంత తేటగా కనిపించెనప్పా!"

అవునంటాను. సార్ ఉన్నా అదే అనేవారు.