వీపు వెనక అల

కుప్పుస్వామికి నమ్మకం అనేది ఒంటికి పడని పదార్థం. కూరలో ఉప్పు ఎక్కువైతే పెళ్ళాం నాగులమ్మ ఎవరిమీదో కోపం తనమీద తీర్చుకుందని అనుమానం. తక్కువైతే ఇంట్లో ఉప్పు పుట్టింటికి చేరిందని అనుమానం. ఆ పుట్టిల్లు కూడా దూరం కాదు, పక్క గుడిసే. అందులో నాగులమ్మ తమ్ముడు చిన్నబ్బ ఒక్కడే ఉండేవాడు.

అవి యుద్ధం రోజులు. మద్రాసు జనం మూటాముల్లె సర్దుకొని రైళ్ళెక్కి పారిపోతున్న ఏడాది. తడ ఊరికి తూర్పున, పులికాటు సరస్సు దాటి, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పల్లెలో కూడా కొత్తమనిషి కనబడితే జపానువాడి మనిషేమోనని గుసగుసలు. ఊరంతా ఆ ఏడు కొత్తగా నేర్చుకున్న విద్య కుప్పుస్వామికి ఉగ్గుపాలతోనే అబ్బింది.

అంత అనుమానప్పక్షిని ఊరు మాత్రం ఒక విషయంలో కళ్ళు మూసుకొని నమ్మేది. ముందు తెప్ప అతనిది. వేట ముగించి వచ్చేటప్పుడు అల విరిగే చోట అందరూ ఆగేవాళ్ళు. కుప్పుస్వామి ఏ అలను ఎక్కితే దాని వెనక అలల్లో మిగతావాళ్ళు వచ్చేవాళ్ళు. అతనికి ఆస్తి, పరువు, సంతోషం అన్నీ అదే.

ఆ ఒడ్డుకు దక్షిణాన మొగ ఉంది, పులికాటు నీళ్ళు సముద్రంలో కలిసే చోటు. ఆ నీటి ఈడుపులో పడిన తెప్ప మళ్ళీ ఇల్లు చేరడం కష్టం. అందుకని అల ఎక్కిన ప్రతివాడూ ఉత్తరానికి ఏటవాలుగా రావాలి. ఎడమకాలు ముందుకు వేసి పక్కవాటుగా నిలబడితే అల మొహానికి ఎదురుగా కనబడుతూ ఉంటుంది, ఒడ్డు వీపు వెనక ఉంటుంది. కుప్పుస్వామిలాంటివాడికి అంతకంటే ఏం కావాలి? చంపగలిగినదాన్ని కంటితో కనిపెట్టుకుంటూ రావచ్చు.

తెప్ప అంటే తాళ్ళతో బిగించిన మూడు కట్టెలు. ఆ ఊరి తెప్పలన్నిటికీ కుడిపక్క కట్టె పొడుగు, ఎడమపక్కది కురచ, దాని తోక గుండ్రం. పొడుగుది కాలివేళ్ళ కిందికి, కురచది మడమ కిందికి వస్తుంది. వేళ్ళకు నేర్పు ఉంటుంది, ఎంత పొడుగు కట్టెనైనా లొంగదీస్తాయి. మడమ మొద్దుది. అది నొక్కినప్పుడు తెప్ప మాట వినాలంటే ఆ పక్క కట్టె కురచగా ఉండాల్సిందే. తాతలు అట్లా కట్టారు, వీళ్ళూ అట్లానే కట్టుకున్నారు. ఎందుకని అడిగినవాడు లేడు, ఎందుకంటే ఊళ్ళో అందరిదీ ఎడమకాలే ముందు.

ఒకనాడు చంద్రగిరి అడవినుంచి వచ్చిన కట్టెలు బండిమీదనుంచి దించుతుంటే ఒకటి జారి కుప్పుస్వామి ఎడమ చీలమండమీద పడింది. చిన్నబ్బే అతణ్ణి ఎత్తుకొని రైలెక్కించి, విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరుకు తీసుకుపోయాడు, కట్టు విప్పేదాకా పక్కనే ఉన్నాడు. పుత్తూరు కట్టు పుణ్యమా అని కాలు నిలిచింది. చీలమండ మాత్రం బిగుసుకుపోయింది. ఆ సంగతి కుప్పుస్వామి ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగినా బాగైందనే అన్నాడు.

మళ్ళీ సముద్రంమీదికి పోయిన మొదటిరోజే తెప్ప అతణ్ణి విసిరికొట్టింది. మూతి ఉన్నట్టుండి ఒడ్డువైపు తిరిగింది, వెనకనుంచి అల వచ్చి మీద పడింది. రెండోరోజూ అదే తంతు. ఊరివాళ్ళు వచ్చి లేవదీశారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వనందుకే అతనికి అనుమానం వచ్చింది.

తెప్పను బోర్లా తిప్పి చూశాడు. తాళ్ళు కొత్తవి.

"రేయ్ చిన్నబ్బా, ఈ కట్లు ఎవురు మార్సింది?"

"నేనే బావా. పాతవి కుళ్ళిపోయినాయి."

"కట్టెలు గూడా మార్సినావా?"

చిన్నబ్బ అతని మొహంలోకి చూసి, చూపు కిందికి దించుకున్నాడు. "అయ్యే పాత కట్టెలు బావా. సూసుకో."

చూపు ఎందుకు దించాలి? కుప్పుస్వామి జానలతో కొలిచాడు, వాసన చూశాడు. పాత కట్టెలే. అయినా మారిస్తే తెలిసేటట్టు మారుస్తాడా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మర్నాడు చిన్నబ్బనే ఆ తెప్ప ఎక్కమన్నాడు. చిన్నబ్బ ఎడమకాలు ముందుకు వేసి, వెన్నలో కత్తి దిగినట్టు ఒడ్డుకు వచ్చేశాడు. వేరేవాడైతే తెప్పలో లోపం లేదని ఒప్పుకొనేవాడు. కుప్పుస్వామికి మాత్రం గుట్టు బయటపడినట్టే అనిపించింది. తన కాలికి పనికిరాకుండా, వాడి కాలికి పనికొచ్చేటట్టు ఏదో చేశాడు. తను ఒడ్డున కూర్చుంటే ముందు తెప్ప ఎవరిది? వాడిదే.

ఆ తర్వాత చూసిన ప్రతిదీ సాక్ష్యమే అయింది. అక్కా తమ్ముడూ దొడ్లో మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు, తను రాగానే చేపలు ఎండాయా లేదా అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. చిన్నబ్బ గుడిసె వెనకనుంచి బాడిసెతో కట్టె చెక్కే చప్పుడు వినబడేది, తన దగ్గు వినబడగానే ఆగేది. పుత్తూరులో తనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఇదేనా అనుకున్నాడు.

వాళ్ళిద్దరూ చేపలు అమ్ముకోవడానికి తడకు పోయిన రోజున కుప్పుస్వామి గుడిసె వెనక్కి పోయి తాటాకులు లాగేశాడు. కింద కొత్త తెప్ప. మూడు కట్టెలూ చెక్కి, పక్కపక్కన పేర్చి ఉన్నాయి. ఎడమది పొడుగు. కుడిపక్కది కురచ, తోక గుండ్రం.

ఊళ్ళో పుట్టినవాడెవడూ అట్లాంటి తెప్ప ఎక్కడు. ఎక్కితే మునుగుతాడు. అంటే ఇది ఎక్కడానికి చేసింది కాదు, ఎక్కించి ముంచడానికి చేసింది. గొడ్డలి తెచ్చి ఆ కురచ కట్టెను ముక్కలు చేసి, తన ఇంటి పొయ్యిదగ్గర పడేశాడు.

సాయంత్రం నాగులమ్మ గంప దించి ఆ ముక్కలను చూసింది. చూసి అక్కడే కూలబడింది.

"ఎంత పని చేసినావు మామా. అది నీ కాలికి చెక్కినాడు వాడు."

"నా కాలికేమొచ్చిందిమే? బాగానే ఉండాది."

"అట్లయితే రా."

ఒడ్డుకు తీసుకుపోయింది. ఇసకలో పడి ఉన్న తెప్పను చూపించి ఎక్కమంది. దీనికి పిచ్చిపట్టిందా అనుకుంటూ కుప్పుస్వామి ఎక్కి నిలబడ్డాడు.

"కదలొద్దు. కాళ్ళు సూసుకో."

చూసుకున్నాడు. కుడికాలు ముందుంది. ఎడమకాలు బెదిరిన పిల్లలా వెనక దాక్కుంది. మొహం ఒడ్డువైపు, వీపు సముద్రంవైపు. పుత్తూరులో కర్ర పట్టుకొని నడక నేర్చుకున్న నాటినుంచి ప్రతి అడుగుకూ ముందు కుడికాలే పడుతోంది, అది అలవాటై తెప్పమీదికీ వచ్చింది. ఎడమకాలిని ముందుకు జరపబోయాడు. చీలమండ వంగలేదు. మడమ కింద పొడుగు కట్టె మొండికేసి కూర్చుంది, వేళ్ళ కింది కురచ కట్టె తాకితే తిరిగిపోతోంది.

"ఊరంతా సూసింది మామా. నీకెవురు చెప్తారు? చెప్తే నన్ను కుంటోణ్ణి చేసి ముందు తెప్ప లాక్కుంటా ఉండారంటావు. వాడు చెప్తానంటే నేనే వద్దన్నా."

అనేవాడే. సరిగ్గా ఆ మాటే అనేవాడు. సిగ్గుతో కుప్పుస్వామి తల ఎత్తలేకపోయాడు.

ఇంటికొచ్చేసరికి చిన్నబ్బ పొయ్యిదగ్గర నిలబడి ఉన్నాడు. కట్టె ముక్కను చేతిలో తిప్పి చూస్తున్నాడు. కొడతాడేమో అనుకున్నాడు కుప్పుస్వామి, కొడితే బాగుండును అని కూడా అనుకున్నాడు. చిన్నబ్బ ముక్కను కింద పెట్టి, "పచ్చి కట్టె అక్కా, పొగొస్తాది, పొయ్యిలో పెట్టొద్దు" అన్నాడు. తర్వాత బావవైపు చూడకుండానే, "మళ్ళీ చంద్రగిరి అడివికి పోవాల కట్టెకు" అన్నాడు.

"నేనూ వస్తా."

"ఆ కాలితో కొండెక్కుతావా?"

ఆ కాలు అనే మాట ఇంతవరకు అతని మొహంమీద అన్నవాడు లేడు. "ఎక్కలేను" అన్నాడు కుప్పుస్వామి. "బండికాడ కూచుంటా."

కురచ కట్టె కుడిపక్కకు పెట్టి కట్టిన తెప్ప ఆ తీరంలో అదొక్కటే. దాన్ని మొదటిసారి తీసుకుపోయిన రోజు, తిరుగుముఖం పట్టి అల విరిగే చోటికి రాగానే తెప్పలన్నీ అలవాటుగా ఆగాయి. కుప్పుస్వామి ముందుకు వచ్చి కుడికాలు ముందుకు వేసి నిలబడ్డాడు. ఎదురుగా ఒడ్డు, గుడిసెలు, నీళ్ళ అంచున నాగులమ్మ. సముద్రమంతా వీపు వెనక ఉంది. ఏ అల ఎంత ఎత్తున లేస్తోందో అతనికి కనబడదు. మెడ తిప్పితే ఒళ్ళు తిరుగుతుంది, ఒళ్ళు తిరిగితే మడమ లేస్తుంది.

వెనక తెప్పమీదనుంచి చిన్నబ్బ గొంతు వినిపించింది. "ఈ అల వద్దు బావా, పోనీ. ఇంకోటి వస్తా ఉండాది. ఉండు. ఉండు. ఇప్పుడు."

కుప్పుస్వామి మెడ తిప్పలేదు. మడమ నొక్కాడు.