ముత్యాలు పోయని తల్లి

నేనుంటున్న చౌటుప్పల్ ఇంటి గుమ్మానికి మొన్న వేపమండలు కట్టించాను. కొత్త వైరస్ ఏదో వచ్చిందని టీవీలో చెబుతున్నారు. వేపాకు దాన్ని ఆపుతుందన్న భ్రమ నాకు లేదు. ఈ వయసులో నా ఇంటికి వచ్చేవాళ్లు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకుని లోపలికి రావాలన్నది నా ఉద్దేశం. కింది వాటాలో ఉండే అబ్బాయి మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మండలు చూసి నవ్వాడు. "రోగం లేదు గీగం లేదు పెద్దమ్మా. గోళీలు అమ్ముడుపోవాలె గదా, అందుకే లేపిన్రు" అన్నాడు. తన జీతం ఆ గోళీల మీదే నడుస్తుందన్న సంగతి అతని వాదానికి అడ్డు రాలేదు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, "ఇంతకు లోపల ఎవలకన్న జరమున్నదా, ఉత్తగనే కట్టినవా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నేను విని డెబ్భై ఏళ్లు దాటింది. అప్పుడు అడిగినవాడి చేతిలో గొడ్డలి ఉంది.

మాది హుజూర్‌నగర్ అవతల, కృష్ణకు దగ్గరి ఊరు. పేరు చెప్పను. కోటలాంటి మా గడీ ఇప్పుడు లేదు. దాని రాళ్లు ఊళ్లో పశువుల కొట్టాల గోడలయ్యాయి. ఏ గోడలో ఉన్నది మా వంటింటి రాయో, ఏది మా మెట్టు రాయో ఇప్పటికీ చూపించగలను. ఆ రోజుల్లో గడీలో ఉన్నది మేం ముగ్గురం: చుట్టుపక్కల ఊళ్లకు దొర అయిన మా నాయిన, ఆయన అక్క అయిన మా మేనత్త, పదహారేళ్ల నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. వాకిట్లో ఒక మూల నున్నటి బండరాయి ఉండేది. తప్పు చేసినవాణ్ని వంచి, వీపు మీద ఆ బండ పెట్టి, పొద్దు వాలేదాకా ఎండలో నిలబెట్టేవారు. ఈ సంగతి చెప్పేటప్పుడు మా బంధువులు గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించను. బండ మాది, వాకిలి మాది, చూసింది నేను.

మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. నడుముకు తాళాల గుత్తి, చేతిలో నశ్యం డబ్బీ. పనివాళ్లను, దేవుళ్లను ఒకే గొంతుతో తిట్టేది. ఎప్పుడో మశూచి టీకాలు వేసేవాడు ఊళ్లోకి వస్తే, అంత మనిషీ వడ్ల కొట్టులో దాక్కుంది. "బర్రె పుండు చీము తెచ్చి నా ఒంట్ల ఎక్కిస్తడా వాడు? అసలు రోగం వానిదే" అని గాదె వెనక నుంచి ఆమె అరిచిన అరుపు నాకింకా వినిపిస్తుంది. నేను కొన్నాళ్లు పట్నంలో చదువుకున్నదాన్ని. అక్కడ బడిలో వరసగా నిలబెట్టి పొడిచారు, దాక్కోవడానికి గాదె దొరకలేదు. ఆ మచ్చలు ఇప్పటికీ నా జబ్బ మీద ఉన్నాయి. బతికి ఈ మాటలు రాస్తున్నది వాటి వల్లనే.

మశూచిని మా వైపు తల్లి అంటారు. ఒంటి మీద లేచే పొక్కులు ఆమె పోసిన ముత్యాలు. తల్లి ఉన్న ఇంటికి వేపమండలు కడతారు, గుమ్మంలో పసుపునీళ్లు చల్లుతారు. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. ఊళ్ల మీద నిజాం పక్షపు రజాకార్లు తిరుగుతున్న రోజుల్లో ఒకసారి వాళ్లు మా ఊరి దారి పట్టారని కబురొచ్చింది. నాయిన తుపాకుల్లో మందు కూరుతుంటే మేనత్త ఆయన్ని పక్కకు నెట్టి, నన్ను మంచం మీద పడుకోబెట్టి, ముఖం నిండా బియ్యప్పిండి చుక్కలు పెట్టి, మీద వేపమండలు పరిచింది. వచ్చినవాళ్ల పెద్ద నన్ను ఒక్క చూపు చూసి, తిరగడం కూడా మరిచిపోయి వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లిపోయాడు. మరోసారి తుపాకులు అడగడానికి, దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంఘంవాళ్లు వచ్చారు. వాళ్లు దేవుణ్ని నమ్మరని విన్నాం. ఆ రోజు మాత్రం చెప్పులు విడిచి, దూరం నుంచే దండం పెట్టుకుని పోయారు. మేనత్త నవ్వి నవ్వి నశ్యం పొలమారి చావబోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు కూడా ఆగలేక నేను మేడ మీద తల ఆరబెట్టుకున్నాను. తేటగా ఉన్న నా ముఖం ఊరంతా చూసింది. అప్పటి నుంచి ఎవరు పని ఎగ్గొట్టి పడుకున్నా, "దొరోరి తల్లి పోసిందా బిడ్డా నీకు?" అని నవ్వుకోవడం మొదలైంది. చుట్టాలు వస్తే వచ్చి, చుట్టాలు పోతే పోయే తల్లి అది.

అసలు రోగం గొల్లవాడలో మొదలైంది. మేత కోసం గొర్రెలను తోలుకుని కృష్ణ దాటిపోయినవాళ్లు దాన్ని తెచ్చారు. నడుం విరిగేలా నొప్పి, కాలిపోయే జ్వరం, నెత్తురు కళ్లు. ఒళ్లు నల్లబడేది, ముక్కుల్లోంచి రక్తం కారేది, ఒక్క పొక్కు కూడా లేవకుండానే మనిషి పోయేవాడు. ముత్యాలు లేవు కనుక అది తల్లి కాదన్నారు. మరేమిటో ఎవరికీ తెలియదు. మా నౌకర్లు దాన్ని సంఘంజరం అన్నారు, అడవిలో పడుకునేవాళ్ల దగ్గర పుట్టిందని. సంఘంవాళ్లు దొరజరం అన్నారు. గొల్లవాడకు ఎవరూ పోవద్దని, జనం ఒకచోట గుమికూడవద్దని నాయిన డప్పు చాటింపు వేయించాడు. "మీటింగు వద్దనడానికి రోగం పుట్టిచ్చిండురా" అంటూ ఆ వారం సంఘం మీటింగుకు ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. చాలా ఏళ్లకు ఒక డాక్టరు నాతో చెప్పాడు, అదీ మశూచేనట, అన్నిటికన్నా చెడ్డ రకమట, ముత్యాలు పోసేంత వ్యవధి ఇవ్వదట.

గొల్లలు ఏటా గడీకి ఉత్తపుణ్యానికి గొంగళ్లు నేసి ఇవ్వాలి. ఆ ఏడూ వచ్చాయి. అన్నిట్లోకి మెత్తనిది మేనత్త తన మంచానికి తీసుకుంది. కొన్నాళ్లకే నడుం నొప్పి అంది. నేను గుమ్మానికి మండలు కట్టాను, ఈసారి నవ్వకుండా. నాయిన ఆ రోజే తుపాకులు రెండూ ఒక గొంగడిలో చుట్టి ఆమె మంచం కిందికి తోశాడు. "ఈపారి అబద్ధమాడే పని గూడ లేదు" అన్నాడు.

సంఘం దళం మిట్టమధ్యాహ్నం వచ్చింది. ముందున్నవాడు మా జీతగాడి కొడుకు. నన్ను చిన్నప్పుడు భుజాల మీద తిప్పినవాడు, బర్రెలు వరిలో పడ్డాయని ఒక ఎండాకాలం మా బండ మోసినవాడు. అడ్డం పోయిన కావలివాణ్ని మెడ మీద నరికారు. అతను గేటు పట్టుకుని నిలబడబోయి, జారి, తన నెత్తుట్లోనే కూర్చుండిపోయాడు. నాయిన్ని వాకిట్లో స్తంభానికి కట్టేశారు. నేను మేనత్త గది గుమ్మంలో నిలబడ్డాను.

"లోపల ఎవలకన్న ఉన్నదా, ఉత్తగనే కట్టిన్రా, చిన్నదొరసానీ?"

"అత్తమ్మకు. ఈసారి నిజం."

"ఈసారి నిజమటరా" అని అతను వెనక్కి తిరిగి చెబితే దళమంతా నవ్వింది. "ముత్యాలేవి మరి?"

"గొల్లోళ్లకు గూడ పొయ్యలేదు. పొయ్యకముందే సచ్చిన్రు. తుపాకుల కోసమే గదా వచ్చిన్రు? అత్తమ్మ మంచం కింద ఉన్నయి. నువ్వు ఆన్నే నిలబడు, నేను తెచ్చి వాకిట్ల పెడ్త. లోపలికి రాకు. నీ ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది."

స్తంభం దగ్గర నాయిన కళ్లు మూసుకోవడం చూశాను. జీతగాడి కొడుకు నన్ను చాలాసేపు చూశాడు. ఒక క్షణం నమ్మాడనే నేను ఈనాటికీ అనుకుంటాను. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "గింత సులువుగ నిజం చెప్పే ఇల్లా ఇది? నువ్వు లోపలికి పోయి తుపాకి పట్టినంక దాని మూతి ఎటు తిప్పుతవో ఎవలకెరుక" అని మండలు తెంపి, తొక్కి, నన్ను గోడకు నెట్టి లోపలికి పోయాడు.

మేనత్త నెత్తురు కళ్లు తెరిచింది. "దూరం జరుగురా. మీ అయ్య నా చేతి బువ్వ తిన్నడు. దూరం జరుగు" అంది. "మొకం సాపుగనే ఉన్నది గదనే" అంటూ అతను మంచం ఒక పక్క ఎత్తాడు. ఆమె దొర్లి నేల మీద పడింది. తుపాకులు దొరికాయి. ఆమె కప్పుకున్న మెత్తని గొంగడి కూడా తీసుకున్నాడు, ఇంట్లో పిల్లకు చలికి పనికొస్తుందని. దీపాలు పెట్టే వేళకు ఆమె పోయింది, నోట్లోంచి, చెవుల్లోంచి నెత్తురు కారుతూ, నా ఒళ్లో. వాకిట్లో అప్పటికి బండ నాయిన వీపు మీద ఉంది. బరువు చాలలేదని ఒకడు దాని మీద ఎక్కి కూర్చున్నాడు. ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిచినట్టు గదిలోకి వినిపించింది.

మేం గడీ విడిచి పోలేదు. నాయిన తల మోకాళ్ల ఎత్తుకు వచ్చినట్టు వంగిపోయాడు. కొన్ని వారాలకు భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగిందన్నారు. రజాకార్ల తర్వాత అది తమ మీద పడటంతో సంఘంవాళ్లు అడవి పట్టారు. జీతగాడి కొడుకు పోలేకపోయాడు. మిలట్రీ బండ్లు ఊళ్లోకి వచ్చిన పొద్దున అతని భార్య మా గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"చిన్నదొరసానీ, మా ఆయనకు గదే జరం. కండ్లు నెత్తురు గడ్డలైనయి. ఇంటికి యాపమండలు కట్టిన. మీ నాయిన బండెక్కి మిలట్రోళ్ల ఎంట పోయిండు, అవి దొంగమండలని చెప్తున్నడు. మీ అత్తమ్మకు వచ్చింది నువ్వు కండ్లార చూసినవు. వచ్చి చెప్పు."

వెళ్లాను. ఎందుకు వెళ్లావని తర్వాత బంధువులు అడిగారు. నా నోటి మాటను ఒకసారి తొక్కి పోయారు, రెండోసారి తొక్కనివ్వకూడదనుకున్నాను. దాన్ని దయ అని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఇష్టం.

అతని గుడిసె ముందు ఎడ్లబండిలో నాయిన ఉన్నాడు. కింద సైన్యం అధికారి, ఆయనకు మన మాట హిందీలో చెప్పే దుబాసీ. "గా మండల విద్దె మా అక్క పుట్టిచ్చింది. తీసి లోపలికి పోన్రి" అంటున్నాడు నాయిన. నేను పోయి గుమ్మంలో నిలబడ్డాను. "ఇది నిజం నాయినా. అత్తమ్మకు వచ్చిందే ఈనకు వచ్చింది. లేవలేడు, ఎటూ పోలేడు. పట్టుకపోవాలంటే తగ్గినంక పట్టుకపోన్రి."

నాయిన తల ఎత్తలేడు కనుక నా కాళ్లనే చూస్తూ మాట్లాడాడు. "నువ్వు నిజం చెప్పిననాడే నా నడుం ఇరిగింది" అన్నాడు.

దుబాసీ రెండు మాటలూ అధికారికి చెప్పాడు. తండ్రి ఒకటి, కూతురు ఒకటి చెబుతున్నారని అధికారి నవ్వాడు. సిపాయిలు మండలు లాగేసి, నన్ను జబ్బ పట్టి పక్కకు ఈడ్చి, అతన్ని కాళ్లు పట్టి బయటికి లాగారు. అతని ముఖం సాపుగానే ఉంది. గోడకు ఆనిస్తే కుప్పగా కూలాడు. మళ్లీ ఆనించారు. కూలుతుండగానే కాల్చారు. పారిపోతుంటే కాల్చామని తర్వాత దుబాసీ ఊరికంతా చెప్పాడు.

బండి తిరిగిపోయింది. అతని భార్య ఏడవలేదు. నేల మీద చెదిరిన మండలు ఏరి, దుమ్ము దులిపి, మళ్లీ గుమ్మానికి కట్టసాగింది. లోపల గొంగట్లో పిల్ల మూలుగుతోంది. పై కొనకు ఆమె చెయ్యి అందలేదు. నేను అందుకుని కట్టాను.

ఆ పిల్ల బతికింది. దానికి తల్లి ముత్యాలు పోసింది. ముఖమంతా గుంటలతో చాలా ఏళ్లకు హుజూర్‌నగర్ అంగడిలో కనబడి, నిలబడ్డ తీరు చూసి నన్ను గుర్తుపట్టింది. "మా అవ్వ చెప్పేది, మా గుమ్మంల వంగకుండ నిలబడ్డది నువ్వేనట" అంది. నాయిన అంతకు ఎన్నో ఏళ్ల ముందే పోయాడు. పాడె మీద కూడా ఆయన వెల్లకిలా పడుకోలేదు. మేం ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు, మాకూ ఎవరూ చెప్పలేదు.

కింది వాటా అబ్బాయి ఇంకా మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. "ఉన్నదనుకునే దూరం నిలబడు నాయినా" అన్నాను. నవ్వాడు కాని, ఒక మెట్టు దిగాడు. సాయంత్రానికి గుమ్మానికి కట్టిన మండలు వాడిపోయాయి. మా కాలంలో వాటికి వాడిపోయేంత వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.