బాలింత వాటా

మా కొండల్లో చెవులపిల్లి ఉచ్చులో పడితే వాటా వెయ్యడానికో పద్ధతి ఉంది. తల ఉచ్చు పెట్టినవాడిది. ఊళ్ళో బాలింత ఉంటే కాలేయం, లోపలుండే ఆ కాస్త కొవ్వు బాలింతవి. ఎవరో దయతలచి పెట్టేది కాదది, హక్కు. ఫారెస్టువాళ్ళు చూస్తే కేసు పెడతారని తెలుసు. ఆ ఏడాది వానల్లో కేసుకి భయపడే ఓపిక ఎవరికీ లేదు.

మొదటి కాన్పుకి అరకు పైన కొండమీది పుట్టింటికి వెళ్ళాను. అమ్మ లేదు. అన్న, వదిన ఉన్నారు. మా ఆయన విశాఖపట్నంలో కట్టుబడి పనిలో ఉన్నాడు. పాప పుట్టిన నాలుగోరోజు కొండచరియ విరిగి దారి మీద పడింది. జీపు లేదు, సంత లేదు, డిపో బియ్యం లేదు. చోళ్ళు, అదే రాగులు, అడుగంటాయి. ఇప్పనూనె సీసా బోర్లించినా చుక్క రాలేదు.

పురిటి మైల తీరేదాకా మాలో బాలింత గుడిసె, పొయ్యి వేరు. అన్న ఉచ్చులు చూసొచ్చి నా గుడిసె గడప దగ్గర అడ్డాకు పొట్లం పెట్టేవాడు. అందులో తొడలు, వీపు కండ ఉండేవి.

"కాలేయం, కొవ్వు ఏవన్నా?" అన్నాను మొదటిరోజే.

"వానలకి సిక్కిపోనాయే సెల్లీ. కొవ్వేటుంతాది? కాలేయం సెడిపోతే పారీసినాను. బేగి వండుకో."

నమ్మాను. నన్ను భుజాలమీద సంతకి మోసుకెళ్ళిన అన్న మరి.

కడుపునిండా తినేదాన్ని. గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి. కాళ్ళు పీకేవి, విరేచనాలు పట్టుకున్నాయి. పదోరోజు దాటేసరికి పాలు తగ్గాయి. పాప రొమ్ము పట్టి, వదిలేసి ఏడ్చేది. తర్వాత ఏడవడం కూడా మానేసింది. అప్పుడు నిజంగా భయమేసింది.

కాన్పు చేసిన ముసలమ్మ నన్ను చూసి, "ఒట్టి కండ తింతే పొట్ట నిండుతాది గానీ పాలు పడవే గుంటా. నీ వాటా కొవ్వు ఏటైపోనాది?" అంది.

చెవులపిల్లులు చిక్కిపోయాయని చెప్పి అన్ననే వెనకేసుకొచ్చాను.

మైల తీరిన రోజు స్నానం చేసి, పాపనెత్తుకుని అన్న ఇంట్లోకి వెళ్ళాను. పొయ్యి పైన పుల్లకి గుచ్చిన కాలేయాలు పొగకి ఆరుతున్నాయి. ఏడు. నాకొచ్చిన పొట్లాలూ ఏడే. పక్కన వెదురు గొట్టంలో కరిగించిన కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది.

వదిన చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది. ఐదో నెలట. నాకు అంతవరకూ చెప్పనేలేదు.

"నీ గుంట పుట్టీసింది. నా గుంట ఇంకా పుట్టాల. అప్పుటికీ దారి నేకపోతే ఏటి సెయ్యాల?" అన్నాడు అన్న, తలెత్తకుండా.

"పుట్టీస్తే సాలేటి? బతకక్కర్నేదా? అడిగితే సగం నేనే ఇద్దును కదన్నా!"

"అడిగితే ఇచ్చీదానివేటి?"

కొవ్వు దాచినందుకు మండలేదని చెప్పను, మండింది. కానీ ఆ మాట అంతకంటే ఎక్కువ కాల్చింది. నా బిడ్డ ఏడుపు వింటూ అబద్ధమాడి, పైగా నేనే ఇవ్వనిదాన్నని తీర్మానించుకున్నాడు! వదిన ఏడుస్తూ గొట్టం నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. పౌరుషానికి పోతే పాపకి పాలెక్కణ్ణుంచి వస్తాయి?

పాలు మెల్లగా పడ్డాయి. దారి తెరిచారు. పాప బతికింది.

ఏడాది నిండాక అత్తారింట్లో పుట్టువెంట్రుకలు తీయించాం. మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. అన్న కొత్త గౌను పట్టుకుని, తన కొడుకుని చంకనేసుకుని వచ్చాడు. వాడు బొద్దుగా ఉన్నాడు. ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాను, ఆ పసివాడిదేం తప్పు? అన్న కత్తెర కోసం చెయ్యి చాపాడు. ఇద్దామనే అనుకున్నాను. కానీ నా కూతురి మొదటి జుట్టు నేనే కత్తిరించేశాను.